వీధి వైపు కిటికీ

కాటన్‌పేటలో దూది మండీల వెనక ఒక సన్నపాటి వీధి. ఆ వీధిలో ఒక గోడగడియారం ఉండేది. పేరుకు అది నూలు వ్యాపారి వెంకటగిరియప్పదే గానీ, నిజానికి వీధి మొత్తానిది. ఎవరింటికి పెళ్ళిచూపులకు మనుషులు వస్తున్నా ఆ పొద్దు గడియారం వాళ్ళ గోడకెక్కేది. ఒకరింటి నుంచి రెండు కుర్చీలు వచ్చేవి, ఇంకొకరింటి నుంచి ఇత్తడి అండా, మరొకరింటి నుంచి వెండి లోటాలు. వచ్చినవాళ్ళు కాఫీ తాగి, ఇల్లు నిండుగా ఉందనుకుని పోయేవాళ్ళు. సాయంత్రానికి ఎవరి సామాను వాళ్ళింటికి చేరేది. అది మోసమని ఆ వీధిలో ఒక్కరూ అనుకోలేదు. బయటివాడు చూసే ఇల్లు నిండుగా కనబడాలి, అంతే! ఏ ఇంటి నుంచి ఏది తేవాలో, ఏది ఎక్కడ పెట్టాలో చెప్పే పెత్తనం కదిరమ్మది. ఇరవై ఏళ్ళుగా అందులో ఆమెను మించినవాళ్ళు లేరు.

ఆ పెత్తనమే చివరికి ఆమె కొంప ముంచింది. ఎట్లా ముంచిందో చెప్తాను వినండి.

ఇల్లు కట్టి చూడు అని ఊరికే అన్నారా? కదిరమ్మ భర్త వెంకటరాయప్ప చింతామణి దగ్గరి పల్లె నుంచి వచ్చి బట్టల మిల్లులో నేతపనికి చేరినవాడు. నోరు కట్టుకుని, కడుపు కట్టుకుని ఆ ఇల్లు లేపాడు. సగం బాడుగకిస్తే ముసలితనంలో ఆసరా అవుతుందని ముందూ వెనకా రెండు వాటాలు చేశాడు. ముందు వాటాకు వీధి తలుపు, వీధి వైపు పెద్ద కిటికీ, లోపల చిన్న వంటగది. వెనక వాటా ఒకే ఒక్క గది. మూడు వైపులా పొరుగువాళ్ళ గోడలే కాబట్టి దానికి కిటికీ పెట్టే దారి లేదు. రెండు వాటాల మధ్య ఉన్న తలుపుకు మేకులు కొట్టేశారు. వెనక్కి పోవాలంటే ఇంటి పక్క సందులోంచే పోవాలి. చంకన నీళ్ళ బిందె ఉంటే ఆ సందులో మనిషి పక్కకు తిరిగి నడవాల్సిందే.

వెంకటరాయప్ప పోయాక, యాభై ఒకటిలో, ముందు వాటా ఖాళీ అయింది. అప్పటి చట్టం ప్రకారం ఇల్లు ఖాళీ అయితే బాడుగల ఆఫీసుకు చెప్పాలి. ఎవరిని దింపాలో ఆ ఆఫీసువాళ్ళే చీటీ రాసిస్తారు. ఆ చీటీ పట్టుకుని ఏలియా వచ్చాడు. గుంటూరు వైపు మనిషి. సర్కారు ఆస్పత్రిలో డ్రెస్సరు, అంటే పుండ్లు కడిగి కట్లు కట్టే పని. వెంట భార్య ఎస్తేరు, చూపు లేని తల్లి రాచెల్.

"మీరేం జనం?" అంది కదిరమ్మ గడపలోనే నిలబెట్టి.

"క్రైస్తవులమమ్మగారూ."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆఫీసుకు పోయి, "నా ఇంటికి నేనెవర్ని అప్పా?" అని గుమాస్తాను నిలదీసి వచ్చింది గానీ, ఏం లాభం? ఆరు నెలలు ఏలియాతో మాట లేదు. అతను నడిచిన చోట పేడనీళ్ళు చల్లేది. అట్లాంటి మనిషి కాలికి ఒకసారి గడ్డ లేచి చీము పట్టింది. ఏలియా పిలవకపోయినా వచ్చి, ఇరవై రోజులు తన చేత్తో కడిగి కట్టు కట్టాడు. ఇరవై ఒకటో రోజు నుంచి కదిరమ్మ పేడనీళ్ళు చల్లడం మానేసింది. అంతకు మించి ఏమీ అనలేదు. అనే అలవాటు ఆమెకు లేదు.

అట్లా పదకొండేళ్ళు గడిచాయి. ఏలియాకు ఇద్దరు పిల్లలు పుట్టారు. కదిరమ్మ ఒక్కగానొక్క కొడుకు పిల్లప్ప తండ్రి చేసిన మిల్లులోనే పనికి చేరాడు, నంజమ్మను చేసుకున్నాడు, అతనికీ ఇద్దరు. ముందు ఐదుగురు, వెనక ఐదుగురు.

అరవై రెండు ఎండాకాలంలో పిల్లప్పకు దగ్గు పట్టుకుంది. దుమ్ము పడలేదులే అనుకున్నారు. మేకులు కొట్టిన తలుపు అవతల నుంచి ఆ దగ్గు రోజూ వింటున్న ఏలియా ఒక పొద్దున కొళాయి దగ్గర, "అమ్మగారూ, ఆ దగ్గు నాకు నచ్చలేదు" అన్నాడు. తానే ఆస్పత్రికి వెంటబెట్టుకుని పోయి ఎక్స్‌రే ఫోటో తీయించాడు. ఛాతీలో క్షయ. ఆస్పత్రిలో మంచం ఖాళీ లేదు, వరసలో పేరు రాసుకున్నారు. ఇంట్లోనే సూదులు వేయించుకోమని చెప్పి పెద్ద డాక్టరు ఒక మాట గట్టిగా అన్నాడు: "మందు ఒక్కటే చాలదు. గాలీ వెలుతురూ ఉండే గదిలో ఒక్కణ్ణే పడుకోబెట్టండి. పిల్లల్ని దగ్గరికి రానీయకండి."

గాలీ వెలుతురూ! వెనక గదిలో పట్టపగలు దీపం పెడితే గానీ బియ్యంలో రాయి కనబడదు.

సూది వేయడానికి ఏలియా రోజూ పొద్దున్నే ఆస్పత్రికి పోయే ముందు సందులోంచి వచ్చేవాడు. మొదటి రోజే కదిరమ్మ అతని చెయ్యి పట్టుకుని మనవరాలి తల మీద పెట్టబోయింది.

"ఈ జబ్బు పేరు నీ నోట రాకూడదు నాయనా. మిల్లులో కామెర్లని చెప్పి సెలవు పెట్టినాము. ఇదని తెలిస్తే పేరు కొట్టేస్తారు. కొళాయి కాడ మమ్మల్ని బిందె పెట్టనీరు. ఒట్టెయ్యి."

ఏలియా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "మేము ఒట్టు వెయ్యమమ్మగారూ. చెప్పనన్నానంటే చెప్పను."

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు. కదిరమ్మ చించుకునే రకం కాదు.

వారం తిరక్కుండానే ఆమె ముందు వాటా గడపలో నిలబడి అడిగేసింది. "నాయనా, నీకు తెలియంది కాదు. వానికి ఆ కిటికీ కావాల. ఇంకొక ఇల్లు చూసుకో."

ఏలియా కాదనలేదు. మూడు నెలలు తిరిగాడు. ఆదివారం ప్రార్థన కాగానే అట్నుంచి అటే ఇళ్ళ వేట. తలుపు తీసినవాళ్ళందరూ కదిరమ్మ అడిగిన ప్రశ్నే అడిగారు. జవాబు విన్నాక ఇల్లు ఖాళీ లేదన్నారు. పాపం అననివాళ్ళు ఒక్కరు లేరు, ఇల్లిచ్చినవాళ్ళూ ఒక్కరు లేరు. వాటాలు మార్చుకుందామా అని కదిరమ్మ అంటే, ఎస్తేరు చంటిదాన్ని గుండెకు అదుముకుంది. "పెద్దమ్మా, మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ గదిలో నా పిల్లల్ని పడుకోబెట్టలేను" అని ఏడ్చింది. ఆమెదీ తల్లి కడుపే కదా, ఏమంటాం?

"అయితే కేసేస్తాండా" అంది కదిరమ్మ.

"వెయ్యండమ్మగారూ. మేము మాత్రం వీధిలో పడలేం" అన్నాడు ఏలియా. మర్నాడు పొద్దున్నే వేడినీళ్ళలో మరగబెట్టిన సూది పట్టుకుని ఎప్పటిలాగే సందులోంచి వచ్చాడు. కేసు నడిచినన్నాళ్ళూ ఒక్క రోజు మానలేదు. పొద్దున సూది, మధ్యాహ్నం కోర్టు.

ప్లీడరు ఆదినారాయణప్ప కోలారు వైపు మనిషి, వెంకటరాయప్పకు తెలిసినవాడు. ఆయన కదిరమ్మకు చట్టం విడమరిచి చెప్పాడు.

"ఇల్లు నీదే, దాంట్లో తకరారు లేదు. నీకు నిజంగా అవసరమేనా అని ఒకటి చూస్తారు. ఆమీద, ఖాళీ చేయిస్తే వాళ్ళకొచ్చే కష్టం పెద్దదా, చేయించకపోతే నీకొచ్చే కష్టం పెద్దదా అని తూస్తారు. ఎవురి కష్టం బరువైతే ఇల్లు వాళ్ళకే. కొత్త చట్టం అట్ల ఉండాది."

"నా మొగుడు కట్టిన ఇంటికి నా కష్టం తూసేదేందప్పా, చింతపండు మాదిరి?"

"పొద్దున లేచి బాడుగోళ్ళని వీధిలోకి నూకే ఇంటోళ్ళు ఊరి నిండా ఉండారమ్మా. వాళ్ళ కోసరం పెట్టిన చట్టం ఇది. నీ మాదిరోళ్ళు కూడా దాంట్లోనే ఇరుక్కుంటారు, ఏం చేసేది? సరే, కొడుక్కి ఏం జబ్బు? డాక్టరు చీటీ తెచ్చియ్యి."

"ఆయాసం."

"ఆయాసానికి ఇల్లియ్యరు."

"అంతే రాయప్పా. చీటీ గీటీ లేదు."

ఆదినారాయణప్ప కళ్ళజోడు తీసి ఆమె మొహం చూశాడు. అనుమానం వచ్చిందో లేదో మరి, అడగలేదు. "కోర్టు మనిషి ఒకాయప్ప పై సోమవారం వచ్చి రెండు వాటాలూ చూసి రాసుకుపోతాడు. జడ్జి నమ్మేది ఆ కాయితాన్నే. ఇల్లు ఎట్లుందో అట్లే పెట్టు. ఒక్క చెంబు కూడా సర్దొద్దు. తెలిసిందా?"

"ఊఁ" అంది కదిరమ్మ.

తెలిసింది ఎవరికి? ఆమె చెవిలో పడింది ఒక్కటే: ఇల్లు చూడడానికి మనిషి వస్తున్నాడు. ఇరవై ఏళ్ళుగా ఆ మాట వినగానే ఆమె కాళ్ళూ చేతులూ వాటంతటవే కదిలేవి. ఆదివారమే గదికి సున్నం కొట్టించింది, గోడల అడుగున కావి పూయించింది. సోమవారం పొద్దున వీధి వీధంతా కదిలి వచ్చింది. కుర్చీలు వచ్చాయి, అండా వచ్చింది, లోటాలు వచ్చాయి. వెంకటగిరియప్ప గడియారం గోడకెక్కింది. పిల్లప్ప చాప, ఉమ్ములు వేసే డబ్బా, చింకి దుప్పట్లు పొరుగింటి అటక మీదికి పోయాయి.

"అత్తా, సర్దొద్దని ప్లీడరు చెప్పె గదా?" అంది నంజమ్మ భయపడుతూ.

"ఆయప్పకేం తెలుసే, మొగోడు! సర్కారు మనిషి ముందర చింకిచాప పరచమంటాడా? ఉన్న గదే ఉంచుకోను చేతగానిదానికి ఇంకొక గది ఎందుకిస్తారే?"

పిల్లప్ప గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మెత్తగా అన్నాడు, "అమ్మా, నేనీడనే పండుకుంటా. ఆయప్ప నన్ను చూస్తే చాలు గదా."

"నువ్వు దగ్గుతా ఉంటే ఆయప్ప కాఫీ తాగుతాడేమిరా? పోయి మండీ కాడ ఊరికే కూచో. రెండు గంటలు."

తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని, గోడ పట్టుకుంటూ పిల్లప్ప సందులోంచి వెళ్ళాడు. ఆ పొద్దంతా దూది మూటల మధ్య కూర్చున్నాడు, ఆ ఛాతీతో.

కోర్టు నుంచి వచ్చింది ఒక కుర్ర ప్లీడరు. సందులో పక్కకు తిరిగి నడిచి, చొక్కాకు అంటిన సున్నం దులుపుకుంటూ గదిలోకి వచ్చాడు. గడియారం కింద కుర్చీలో కూర్చున్నాడు. వెండి లోటాలో కాఫీ, పళ్ళెంలో రెండు ఒబ్బట్లు. తింటూ చుట్టూ చూసి రాసుకున్నాడు.

"ఎంతమంది ఉంటారమ్మా?"

"ఐదుగురం సామీ. దేవుడి దయతో ఏమీ కొదవ లేదు."

ఆ మాట ఆమె కావాలని అన్నది కాదు. ఇంటికొచ్చినవాడు అడిగితే నోటికొచ్చే మాట. పుట్టినప్పటి నుంచి అదే అంటూ వచ్చింది.

"జబ్బు మనిషి ఉన్నాడన్నారు?"

"పనిమీద పోయినాడు సామీ."

కుర్రవాడు కిటికీ లేదని రాసుకున్నాడు, సందు సన్నమని రాసుకున్నాడు. అబద్ధం ఆడకూడదు, అవీ రాశాడు. తరవాత ముందు వాటాకు పోయాడు. అక్కడ ఉన్నది ఉన్నట్టే ఉంది. కిటికీ కింద నులకమంచం మీద గుడ్డి ముసలమ్మ, దండెం మీద తడిగుడ్డలు, జ్వరంతో మూలుగుతున్న పిల్లవాడు. పంచదార లేదని సిగ్గుపడుతూ ఎస్తేరు మంచినీళ్ళిచ్చింది. అక్కడ అతను రెండు పేజీలు రాశాడు.

సాయంత్రం గడియారం దించుతూ కదిరమ్మ, "నల్లపూసంత వంక దొరకలేదు ఆయప్పకి" అని మురిసిపోయింది. అయ్యో తల్లీ!

రెండు నెలల తరవాత మున్సిఫ్ కోర్టులో ఆ కాయితం చదివారు. గోడగడియారం ఒకటి, కుర్చీలు రెండు, వెండి లోటాలు, పెద్ద ఇత్తడి అండా, కొత్తగా సున్నం వేసిన గోడలు, రోగి కనబడలేదు, తమకు కొదవ లేదని ఇంటి యజమానురాలే చెప్పింది. ఆదినారాయణప్ప మెల్లగా వెనక్కి తిరిగి కదిరమ్మను చూశాడు. ఆ చూపుతో ఆమెకు అర్థమైంది. ఆ క్షణం దాకా, నిజంగా, అర్థం కాలేదు.

అవి మావి కావు సామీ అని లేచి అంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది. అంతలో రెండో బెంచీ మీద మిల్లు రైటరు చిక్కమునియప్ప కనబడ్డాడు, తన సొంత బాడుగ కేసు కోసం వచ్చి కూర్చున్నాడు. కామెర్లని సెలవు చీటీ అందుకున్న మనిషి అతనే. కదిరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది.

ఏలియా బోనులో నిలబడి బైబిలు మీద చెయ్యి పెట్టాడు. జడ్జి మంచివాడు, తనంతట తానే అడిగాడు. "వెనక వాటాలో జబ్బు మనిషి ఉన్నాడా? నువ్వు ఆస్పత్రిలో పనిచేసేవాడివి, నీకు తెలిసుంటుంది."

ఏలియా కదిరమ్మ వైపు చూశాడు. ఆ పొద్దున కూడా పిల్లప్ప చేతికి సూది గుచ్చి వచ్చిన మనిషి అతను. ఊఁ అని ఆమె తలాడిస్తే చెప్పేసేవాడే. కదిరమ్మ కళ్ళు చిక్కమునియప్ప మీదికి పోయి వచ్చాయి. ఆమె తల అడ్డంగా ఊపింది. రవ్వంత.

"నాకు తెలియదండి" అన్నాడు ఏలియా.

మాట నిలబెట్టుకున్నాడా, ఇల్లు నిలబెట్టుకున్నాడా? అతన్నే అడిగినా చెప్పగలిగేవాడు కాదనుకుంటాను. ఆ తరవాత చాలా ఆదివారాలు అతను ప్రార్థనకు పోలేదని ఎస్తేరు కొళాయి దగ్గర ఎవరితోనో అంది.

తీర్పు ఏలియా పక్షాన వచ్చింది. బాడుగదారుకు వేరే ఇల్లు దొరకడం లేదు, ముసలి తల్లి ఉంది, పసిపిల్లలున్నారు. ఇంటి యజమానురాలు ఇరుకైనా సౌకర్యంగానే ఉంది. తూచడంలో తప్పేమీ లేదు. తక్కెట్లో కదిరమ్మ తన కష్టం వేస్తే కదా! ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. జడ్జి పల్లకీనే తూచాడు.

"పై కోర్టుకి పోదామమ్మా. ఇప్పుడన్నా నిజం చెప్పు" అన్నాడు ఆదినారాయణప్ప.

"ఇంకేం నిజమప్పా. నా చేతులారా నేనే చేసుకున్నా" అని కదిరమ్మ లేచి వచ్చేసింది.

సెలవు దాటిపోయిందని పై నెలలో మిల్లువాళ్ళు పిల్లప్ప పేరు ఎటూ కొట్టేశారు. ఏ పేరు కోసం దాచారో ఆ పేరే పోయింది. పిల్లల్ని నంజమ్మ పుట్టింటికి, చింతామణికి పంపేశారు. పిల్లప్ప వెనక గదిలో పొయ్యి పొగలో పడుకుని, మేకులు కొట్టిన తలుపు సందులోంచి సన్నగా పడే వెలుతురు వైపు మొహం తిప్పుకునేవాడు. అవతల ముసలి రాచెల్ పాటలు పాడుకుంటుంటే వినేవాడు. "ఆయమ్మకి కండ్లు లేవు, కిటికీ ఉండాది" అని ఒకసారి నవ్వాడు. ఆ నవ్వుకు వచ్చిన దగ్గు చాలాసేపు ఆగలేదు.

అరవై మూడు శ్రావణంలో ఒక పొద్దున మిల్లు కూత కూసింది. అలవాటుగా లేచి కూర్చోబోయాడు. నోట్లోంచి నెత్తురు పడింది. కదిరమ్మ దోసిలి పట్టింది. అరుపు విని ఏలియా సందులోంచి పరుగెత్తుకొచ్చేటప్పటికి అయిపోయింది.

పేట పెద్దలు వచ్చారు. సందు చూసి తల పట్టుకున్నారు. "పాడె తిరగదమ్మా. కూచోబెట్టి పక్కవాటుగా తీసుకుపోవాల. వీధిలో కట్టుకుందాం."

"నా కొడుకు పక్కకు తిరిగి పోడు" అంది కదిరమ్మ. ఏడుపు లేదు. "వాళ్ళ నాయన కట్టిన తలుపులోంచి పోతాడు." అంటూనే ఆ వీధి తలుపు ఎవరి వాటాలో ఉందో గుర్తొచ్చినట్టుంది, నోరు మూసుకుంది.

ఏలియా సందులోంచి వెళ్ళిపోయాడు. కాసేపటికి మధ్య తలుపు అవతల నుంచి చప్పుడు మొదలైంది. ఏళ్ళ నాటి తుప్పు మేకులు ఒక్కొక్కటే ఊడి వస్తున్నాయి. తలుపు తెరుచుకుంది. అవతల రాచెల్ మంచం గోడకు నిలబెట్టారు, ఎస్తేరు తడిగుడ్డతో నేల తుడిచి లేచింది. ఏలియా వచ్చి పిల్లప్ప తల వైపు చెయ్యి వేశాడు. వద్దని పెద్దలెవరూ అనలేదు. తీసుకుపోయి కిటికీ కింద పడుకోబెట్టారు. ఎస్తేరు కిటికీ రెక్కలు రెండూ బార్లా తీసింది.

పొరుగు ఆడవాళ్ళు కదిరమ్మ చెవి దగ్గర గొణిగారు. చింతామణి నుంచి వియ్యంకులు వస్తున్నారు, కుర్చీలు తెద్దామా, అండా తెద్దామా అని.

"ఏమీ తేవద్దండి. ఉన్నది ఉన్నట్లే చూడనీ" అంది.

తరవాత ఏలియాను చూసింది. "ఆ పొద్దు నువ్వు చెప్పుంటే..." అని, తనే ఆపేసింది. "లేదులే నాయనా. నేనే వద్దంటి."

ఏలియా గోడ వైపు తిరిగి వెక్కి వెక్కి ఏడ్చాడు.

ఎండ కిటికీలోంచి పిల్లప్ప ఛాతీ మీదికి వచ్చింది. కప్పిన బట్ట అంచు గాలికి కదులుతోంది. వియ్యంకులు వచ్చారు, చూడాల్సినవాళ్ళందరూ చూశారు. పొద్దెక్కుతోంది ఎత్తుదామమ్మా అని పెద్దలు రెండుసార్లు అడిగారు. కదిరమ్మ కొడుకు జుట్టు సవరిస్తూ కూర్చుంది. మూడోసారి అడిగితే తలెత్తింది.

"ఇంకొంచేపు ఉండనీయండప్పా," అంది. "గాలి వస్తా ఉండాది."